లోకోపకారి యల్లాప్రగడ సుబ్బారావు

మనుష్యునకు జీవనోపాధి యొక్కటి కావలెను. కడుపు నిండుటకు, కుటుంబము నిలుచుటకు, నలుగురిలో తలయెత్తుకొని తిరుగుటకు ఏదో యొక వృత్తి నవలంబింపక తప్పదు. వృత్తి నెన్నుకొను వేళ మన యిండ్లలో తరచుగా వినవచ్చు ప్రశ్న, దానివలన నెలకెంత వచ్చునన్నది. ఈ ప్రశ్నలో దోషము లేదు. పేదయింటి తల్లిదండ్రులకు అది విధిగా అడుగవలసిన ప్రశ్నయే. అయితే దానితోపాటు మరియొక ప్రశ్నయు అడుగదగియున్నది. ఈ పనివలన ఎవరి కష్టము తీరునన్నదే యా రెండవ ప్రశ్న. ఆ ప్రశ్నను జీవితాంతము విడువక, దానికి సమాధానము వెదకుచు పలుమారులు త్రోవ మార్చుకొని, తుదకు దేశదేశముల రోగులకు మేలు చేసిన ఔషధములకు మూలపురుషుడైన తెలుగుబిడ్డ డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికను చదువు యువతీయువకులకును, వారి తల్లిదండ్రులకును ఆ మహనీయుని జీవితము ఉపకరింపగలదని యెంచి యిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

బాల్యము – కాశీ ప్రయాణము

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో వీరు నాలుగవవారు. తండ్రి అనారోగ్యముచే ముందుగనే ఉద్యోగము విరమించుకొనుటచే ఇల్లు గడచుట కష్టమాయెను.

పదుమూడేండ్ల ప్రాయమున ఆ బాలునకు ఒక యాలోచన తోచెను. కాశీక్షేత్రమునకు నిత్యము వేలకొలది యాత్రికులు వచ్చుచుందురు గదా, వారికి అరటిపండ్లు విక్రయించినచో ధనము కూడబెట్టవచ్చునని తలచి, బంధువుల పిల్లవాని నొకని వెంటబెట్టుకొని, ఇంట చెప్పకయే బయలుదేరెను. నిడదవోలు చేరునప్పటికి ఇంటివారు పట్టుకొని వెనుకకు తెచ్చిరి. సుబ్బారావుగా రెన్నుకొనిన మొదటి వృత్తి ఇదియే. ఇందు పిల్లచేష్ట యున్నమాట నిజమే గాని, ఇంటి లేమిని చూచి యూరక కూర్చుండలేని స్వభావము కూడ అప్పుడే కానవచ్చుచున్నది.

వెంకమ్మగారు పట్టుదల గల ఇల్లాలు. కుమారుడు చదివి తీరవలెనని ఆమె సంకల్పము. రాజమహేంద్రవరములో చదివించెను. కాని బాలుడు మెట్రిక్యులేషను పరీక్షలో ఒకమారు గాక రెండుమారులు తప్పెను. ఇరుగుపొరుగువారు చదువబ్బదని నిర్ణయించుటకు ఇంతకంటె వేరు నిదర్శనము అక్కరలేదు. తల్లి మాత్రము ఆ మాట చెవిని బెట్టలేదు. ఉన్న బంగారము అమ్మి మద్రాసునకు పంపెను. అచ్చటి హిందూ హైస్కూలునుండి మూడవమారు పరీక్షకు కూర్చుండి కుమారుడు కృతార్థుడయ్యెను. పిల్లవాడు పరీక్ష తప్పినంతనే వాని బ్రతుకు తెల్లవారినట్లు విలపించు తల్లిదండ్రులు వెంకమ్మగారిని తలచుకొనవలెను.

సన్యాసమా, వైద్యమా

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న దినములలో సుబ్బారావుగారు గణితమునందు మిక్కిలి ప్రజ్ఞ చూపిరి. అయినను మనస్సు గణితమున నిలువలేదు. రామకృష్ణ మఠమువారి సేవాధర్మము వారి నాకర్షించెను. ధనార్జనకై కాశీకి పోబోయిన బాలుడు ఇప్పుడు ధనమును, సంసారమును విడిచి సన్యాసి కాదలచెను. దానికి తల్లి సమ్మతింపలేదు. తల్లి సమ్మతి లేనిదే మఠమువారును స్వీకరింపరైరి. అయితే వారు మంచి హితవు చెప్పిరి. వైద్యము నేర్చుకొనినచో రోగులకు సేవ చేయవచ్చును, మఠమువారి వైద్యశాలలకును తోడ్పడవచ్చునని వారి యాశయము. తల్లి యిష్టమును, కుమారుని యిష్టమును ఒక్కచోట కలిసిన త్రోవ యిది. సుబ్బారావుగారు మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి.

వైద్యవిద్య వ్యయముతో కూడినది. మిత్రులు కొంత సాయపడిరి. 1919వ సంవత్సరములో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో వివాహము జరిగెను. అటుపిమ్మట మామగారే చదువు భారమును వహించిరి.

ఖద్దరు వస్త్రము – చేజారిన పట్టము

అది జాతీయోద్యమము దేశమంతట అలుముకొనుచున్న కాలము. గాంధీజీ ప్రబోధము ననుసరించి సుబ్బారావుగారు విదేశీ వస్త్రములను విడిచి ఖద్దరు ధరించిరి. శస్త్రచికిత్సాలయమున ధరించు అంగీ కూడ ఖద్దరుదే. ఇది అచ్చటి ఆంగ్లేయ ఆచార్యునకు కంటగింపాయెను. పరీక్షలు బాగుగనే వ్రాసినను ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు. దానికి తక్కువైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. మద్రాసు ప్రభుత్వ వైద్యోద్యోగము కొఱకు చేసిన యత్నమును ఫలింపలేదు.

ఆ దినములలోనే ఇంట పిడుగు పడెను. సోదరులు పురుషోత్తము, కృష్ణమూర్తి అనువారలు స్ప్రూ అను వ్యాధిచే స్వల్పకాలములోనే ఒకరి వెంట నొకరు మరణించిరి. ఈ వ్యాధియందు తిన్న ఆహారము ఒంటబట్టదు. విరేచనములు ఆగవు. రక్తము క్షీణించి మనిషి ఎండిన కట్టెవలె నగును. సుబ్బారావుగారికి కూడ ఆ వ్యాధి సోకెను. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులగు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే ఆయన బ్రతికి బయటపడిరి. పిదప లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణశాస్త్రము బోధించు ఉపన్యాసకులుగా చేరిరి.

వైద్యుడు రోగి నాడి చూడగలడు, రోగమునకు పేరు పెట్టగలడు. కాని తగిన మందు లేనప్పుడు ఆ వైద్యుని చేతులు ఉత్తచేతులే. తన యింటనే ఇది కన్నులార చూచిన సుబ్బారావుగారు రోగిని చూచు వైద్యమునుండి క్రొత్త మందులను వెదకు పరిశోధనవైపు మరలిరి. గ్రామవైద్యుడు దినమునకు ఏబదిమందిని చూచును. ఒక క్రొత్త మందు ప్రపంచములోని వైద్యులందరి చేతులలోను చేరును. ఈ వివేచనయే ఆయనను సముద్రములు దాటించినది.

సముద్రములు దాటి

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారు సాయము చేయుదుమని మాట యిచ్చిరి. రంగూనులో వ్యాపారముచేసి ధనము గడించిన ఒక దాత పరోపకారార్థము విడిచిపోయిన ఆస్తి అది. మిగిలిన సొమ్ము మామగారు సమకూర్చిరి. వయస్సు ముప్పదికి చేరువగుచుండగా సుబ్బారావుగారు భార్యను పుట్టినింట విడిచి అమెరికాకు ప్రయాణమైరి. కొలది యేండ్లలో తిరిగివచ్చుట వారి యుద్దేశము.

బోస్టన్ నగరములో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వైద్యము చదువుటకు చేరిరి. చేత సొమ్ము చాలదు. ఆచార్య రిచర్డ్ స్ట్రాంగ్ ఆదిలో ఆదుకొనిరి. అటుపై సుబ్బారావుగారు పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రివేళ పనివానిగా కుదిరి, రోగుల మలమూత్రపు పాత్రలను శుభ్రపరచు పని చేసిరి. పట్టా పుచ్చుకొనిన వైద్యుడు, కళాశాలలో బోధించిన ఉపన్యాసకుడు ఈ పనికి సిగ్గుపడలేదు. పగలు చదువు, రాత్రి ఊడిగము. చేయదలచిన పనికి త్రోవ ఏర్పడుచున్నప్పుడు నడుమనున్న ఏ పనియు ఆయనకు నీచమని తోచలేదు.

తరువాత జీవరసాయనశాస్త్ర విభాగమున సైరస్ ఫిస్కే అను ఆచార్యునివద్ద పరిశోధనకు పూనుకొనిరి. రక్తమునందును, మూత్రమునందును గల భాస్వరమును కొలుచుటకు వారిరువురు కలిసి 1925లో ఒక పద్ధతిని ప్రకటించిరి. కొన్ని రసాయనములు కలిపినప్పుడు నీలవర్ణ మేర్పడును. ఆ వర్ణపు గాఢతను బట్టి భాస్వరమెంత యున్నదో తెలియును. ఫిస్కే–సుబ్బారావు పద్ధతియను పేర వైద్యవిద్యార్థులు తరతరములుగా దీనిని నేర్చుకొనిరి.

ఆ కొలమాన మాధారముగా కండరములలోని రహస్యము బయటపడెను. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అను పదార్థమును వారు ప్రకటించిరి. ఈ రెండవదానినే సంక్షేపముగా ఏ.టి.పి. యందురు. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమాన్ కూడ స్వతంత్రముగా దీనిని కనుగొనెను. ఏ.టి.పి. యనగా నేమో రైతులకు సులభముగనే బోధపడును. గాదెలో ఎన్ని పుట్ల ధాన్యమున్నను సాయంకాలము కూలీలకు ఇచ్చుటకు చేతిలో రొక్కము ఉండవలెను. మనము తిను ఆహారము గాదెలోని ధాన్యము వంటిది. చేయి కదల్చుటకు, గుండె కొట్టుకొనుటకు శరీరము వెచ్చించు రొక్కము ఏ.టి.పి. ఈ రహస్యము నేడు ప్రపంచమంతటను పాఠశాల పుస్తకములలో నున్నది.

1930లో సుబ్బారావుగారికి డాక్టరేటు పట్టము లభించెను. అయినను హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి దక్కలేదు. పదేండ్లు అట్లే గడచెను.

ఇంటి దీపము

ఈ విజయములను వ్రాయునప్పుడు మద్రాసు రాజధానిలో నిలిచిపోయిన యొక స్త్రీ సంగతి వ్రాయకుండుట న్యాయము కాదు. సుబ్బారావుగారు ఓడ యెక్కిన పిదప శేషగిరిగారికి కుమారుడు కలిగెను. ఆ శిశువు నెలల బిడ్డగనే వ్యాధిచే మరణించెను. తండ్రి బిడ్డను చూడలేదు. కొలది యేండ్లని తలచిన యెడబాటు జీవితకాలపు ఎడబాటాయెను. సుబ్బారావుగారు స్వదేశమునకు మరల రానేలేదు. భార్యాభర్తలు తిరిగి కలిసికొనలేదు.

పరులకై జీవితము నర్పించితినని చెప్పుకొనువాని యర్పణలో తనవారి వాటా కూడ నుండును. ఆ వాటా తరచుగా వారినడిగి తీసికొనినది కాదు. లోకము సుబ్బారావుగారికి ఋణపడియున్నదనుట నిజమైనచో, శేషగిరిగారికి కూడ ఋణపడియున్నదనుట అంతకంటె నిజము. గొప్ప వృత్తి నెన్నుకొనువారు దాని వెల యెవరు చెల్లింతురో ముందుగా నాలోచించుకొనవలెను.

ఔషధముల పంట

1940లో సుబ్బారావుగారు విశ్వవిద్యాలయమును విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివర్ అను ఊరిలో నున్న లెడర్లే ఔషధ సంస్థలో చేరి, పరిశోధనలకు అధిపతియైరి. విశ్వవిద్యాలయము విడిచి వ్యాపారసంస్థలో చేరుట విద్వాంసులకు చిన్నతనముగా కనబడవచ్చును. కాని మందు కాగితముపై నున్నంతకాలము రోగికి పనికిరాదు. దానిని మణుగులకొలది తయారుచేయు యంత్రములు, పరీక్షించు వైద్యులు, రసాయనశాస్త్రజ్ఞులు ఒకచోట చేరవలెను. ఆ చోటు ఆయనకు అచ్చట లభించెను. తరువాత ఎనిమిదేండ్లలో పండిన పంటను విడివిడిగా చూతము.

మొదటిది ఫోలిక్ ఆమ్లము. 1931లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీస్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారములో దానిని మాన్పు గుణమున్నదని కనుగొనెను. ఆ గుణమునకు మూలమైన పదార్థము తరువాత ఫోలిక్ ఆమ్లముగా తేలినది. దానిని సుబ్బారావుగారి బృందము 1945లో ప్రయోగశాలలోనే నిర్మించెను. హార్వర్డునాటినుండి ఆయన వెదకుచుండినది ప్రాణాంతకమైన పెర్నీషియస్ అనీమియాకు మందు. దానికి ఫోలిక్ ఆమ్లము సరియైన మందు కాలేదు. అసలు మందగు బి-12 విటమినును 1948లో ఇతరులు వేరుపరచిరి. వెదకినది దొరకకపోయినను దొరికినది చిన్నది కాదు. స్ప్రూ వ్యాధికి ఫోలిక్ ఆమ్లము చక్కగా పనిచేయునని తేలెను. సోదరులను బలిగొన్న వ్యాధికి సోదరుని ప్రయోగశాలనుండి మందు వెడలెను. మన గ్రామములలో గర్భిణీస్త్రీలకు ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రలోనున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

రెండవది రక్తపు కాన్సరునకు మందు. ఫోలిక్ ఆమ్లము రక్తకణముల వృద్ధికి తోడ్పడును. అయినచో దానిని పోలియుండి దాని పని చేయని పదార్థమును ఇచ్చినప్పుడు, విచ్చలవిడిగా పెరుగు రోగకణముల వృద్ధి ఆగవలెను గదా! తాళమున దూరియు తిరుగక ఇరుకుకొను తాళపుచెవి వంటి దీ పదార్థము. బోస్టన్ శిశువైద్యశాలలోని సిడ్నీ ఫార్బర్ అను వైద్యునికి సుబ్బారావుగారి బృందము అట్టి పదార్థములను తయారుచేసి పంపెను. వానిలో నొకటి అమినోప్టెరిన్. మరణము తప్ప వేరు గతిలేని 16 మంది పిల్లలకు ఆ మందు ఇచ్చిన ఫలితమును 1948లో ప్రకటించిరి. 10 మందికి గుణము కనబడెను. అది తాత్కాలికమే. అయినను రక్తపు కాన్సరు మందునకు లొంగునని లోకమునకు తెలియుట అదే మొదలు. దాని సోదరియగు మెథోట్రెక్సేట్ కాన్సరునకు, కీళ్లవాతమునకు నేటికిని వాడబడుచున్నది.

మూడవది మన గోదావరి మండలమువారికి మరి దగ్గరి సంగతి. బోదకాలు మన కోస్తాలో ఎన్ని యిండ్ల నేడిపించెనో పెద్దలెరుగుదురు. దోమకాటువలన శరీరమున ప్రవేశించు సన్నని పురుగు దీనికి కారణము. రెండవ ప్రపంచయుద్ధములో పసిఫిక్ ద్వీపములలోని అమెరికా సైనికులకు కూడ ఈ వ్యాధి సోకెను. లెడర్లే పరిశోధకులు 1947లో ప్రకటించిన డైఇథైల్ కార్బమజీన్ రక్తములోని ఆ పురుగు పిల్లలను నిర్మూలించును. అదివరకే లావెక్కిన కాలిని ఇది పూర్వస్థితికి తేలేదు. అయితే రోగము ఒకరినుండి మరియొకరికి ప్రాకకుండ అడ్డుకట్ట వేయును. మన దేశమున 2004 మొదలుకొని వ్యాధిగల జిల్లాలలో ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికి తిరిగి కోట్లమందిచేత మ్రింగించిన మాత్ర యిదియే. భీమవరమున పుట్టినవాడు పెరల్ రివర్ నుండి పంపిన కానుక తిరిగి తిరిగి భీమవరపు గడప చేరెను.

నాలుగవది ఆరియోమైసిన్. బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు వయోపరిమితిచే విశ్వవిద్యాలయమునుండి విరమించి, డెబ్బదియేండ్లు దాటిన పిదప లెడర్లేలో చేరెను. మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆయన సాధించిన ఈ మందు 1948లో లోకమునకు తెలిసెను. టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులలో ఇది మొదటిది. 1994లో సూరత్ నగరమున ప్లేగు భయము వ్యాపించినప్పుడు ఆ కుటుంబమునకు చెందిన మందులే జనులకు అభయ మిచ్చినవి.

ఈ మందు లన్నియు సుబ్బారావుగారు ఒక్కరే కనిపెట్టిరనుట అతిశయోక్తి యగును. ఆయనయే అట్టి మాటను సహింపకుందురు. పలువురు శాస్త్రజ్ఞుల శ్రమ వీనియందున్నది. ఏ దిక్కున వెదకవలెనో నిర్ణయించుట, తగినవారిని కూర్చుట, వారికి కావలసినది సమకూర్చుట ఆయన పని. కీర్తి వచ్చు వేళ సహచరులను ముందునకు త్రోసి తాను వెనుక నిలుచుట ఆయన స్వభావము. అందుచేతనే అంతటి వాని పేరు బహుకాలము సామాన్యులకు తెలియకపోయెను.

1948 ఆగస్టు నెలలో ఒకనాటి రాత్రి సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. అప్పటికి వయస్సు 53 ఏండ్లు. అమెరికా పౌరసత్వము పొందకయే ఆ దేశమున కన్నుమూసిరి. అనంతరము ఒక శిలీంధ్రజాతికి వారి పేర సుబ్బరోమైసిస్ అని నామకరణము చేసిరి. 1995లో శతజయంతి సందర్భమున భారత ప్రభుత్వము తపాలాబిళ్ల విడుదల చేసెను.

మనకు మిగిలిన పాఠము

అరటిపండ్ల వర్తకము, సన్యాసము, వైద్యము, బోధన, పరిశోధన, ఔషధనిర్మాణము. వీనిలో ఏది సుబ్బారావుగారి వృత్తి? చూచువానికి నిలుకడలేని మనిషిగా తోచును. పరికించి చూచిన, మారినది త్రోవయే గాని గమ్యము కాదు. ఇంటి లేమి తీర్చవలెనన్న బాలుని కోరిక క్రమముగా ఊరి బాధ, లోకపు బాధ తీర్చవలెనన్న కోరికగా పెరిగెను. ప్రతి మలుపునందును తన నేర్పు ఎచ్చట ఎక్కువమందికి ఉపయోగపడునో అచ్చటికి నడచిరి. కావున పదునెనిమిదేండ్లకే జీవితవృత్తి నిర్ణయము కాలేదని యువకులు దిగులుపడ నక్కరలేదు. ఒక తలుపు మూసికొనిన, రెండవదానిని తట్టవచ్చును. పట్టము చేజారినను పని చేజారదు.

అందరును అమెరికాకు పోనక్కరలేదు. మాత్రలు పట్టుకొని ఎండలో ఇంటింటికి తిరుగు ఆరోగ్యకార్యకర్త లేనిదే సుబ్బారావుగారి మందు మన గ్రామము చేరియుండదు. ఆమె వృత్తియు ఆయన వృత్తియు ఒక్క గొలుసులోని లంకెలే. మంచి విత్తనమును గుర్తించు రైతు, తప్పిన పిల్లవానిని తిరిగి కూర్చుండబెట్టి చెప్పు ఉపాధ్యాయుడు, కొలతలో మోసము చేయని వర్తకుడు, వీరందరును రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నవారే.

మరియొక మాట. సుబ్బారావుగారి వెనుక బంగారమమ్మిన తల్లి, సొమ్మిచ్చిన మిత్రులు, మామగారు, కాకినాడ ధర్మసంస్థ, ఎదురుచూచిన భార్య నిలిచియున్నారు. ఒక్కని ప్రజ్ఞ ఫలించుటకు పదిమంది చేయూత కావలెను. రెండుమారులు పరీక్ష తప్పిన బాలుడు నేడు మన వీధిలోనే ఉండవచ్చును. వానికి చదువుకొన చోటు, చేత పుస్తకము, వెన్ను తట్టు పెద్దలు కావలెను. ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము తలుపులు తెరచి యుంచినది అట్టివారి కొఱకే. ఇకముందును ఈ తలుపులు తెరచియుండునట్లు చూచుట చందాదారులమగు మనందరి విధి.